మడమలు పట్టే కుక్కకి పిచ్చి లేదండి: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో కుక్కలకి ట్రైనింగ్ ఇస్తుంటానండి. మందల్ని తోలే విదేశీ జాతి కుక్కలు, బోర్డర్ కోలీలు, కోర్గీలు కూడా ఇప్పుడు మన ఊళ్ళలోకి వచ్చేశాయి, వాటి గురించి ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువగా చెప్పేది ఒకటే, పిల్లలు పరిగెడితే చాలు కాళ్ళు పట్టేస్తోంది అని.

అపోహ: కోపంతో కరుస్తోంది.
వాస్తవం: చాలావరకు అది మందని తోలే గుణం. అది వేటలోంచే వచ్చింది: వేటాడే జంతువు చూస్తుంది, పొంచుతుంది, తరుముతుంది, పట్టి చంపుతుంది, తోలే కుక్కల్లో ఈ వరసలో ముందువి ఉంచి చివరిది అణిగిపోయేలా మనుషులే తరాల తరబడి ఏరి ఏరి పెంచారు. కోర్గీ పని ఆవుల మడమలు గిల్లి తోలడం, మీ బాబు మడమ కూడా దానికి అంతే. జర్మన్ షెపర్డ్‌ని పోలీసు కుక్క అనుకుంటాం గానీ పేరులోనే గొర్రెల కాపరి ఉన్నాడు. అయితే గుర్రుమంటూ మీదకొస్తే అది వేరే సంగతి. పన్ను దిగితే మాత్రం ఏ కుక్కయినా సరే, సబ్బు పెట్టి పావుగంట పారే నీళ్ళ కింద కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళండి.

అపోహ: పరిగెత్తించి అలవగొడితే తగ్గుద్ది.
వాస్తవం: దమ్ము పెరుగుద్ది అంతే, పైగా మన ఉక్కపోతలో వడదెబ్బ కొట్టుద్ది. లేజర్ లైటుతో అస్సలు ఆడించకండి, నీడల వెంట పడ్డం మొదలెడితే మాన్పించడం చాలా కష్టం. తిండి దాచి వాసనతో వెతికించండి, దానికి బుర్ర అలవాలి.

అపోహ: నాలుగు తగిలిస్తే మానేస్తది.
వాస్తవం: ఇది నాకు చాలా బాధ కలిగించే మాట. తరమడమే దానికి బహుమతి, దెబ్బ వల్ల మీరంటే భయం పట్టుకుంటుంది గానీ ఆ గుణం ఎక్కడికీ పోదు. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి కదా, ఓ కోలీని పొడుగు తాడుతో కాలవ గట్టు మీద నించోబెట్టాను, బాతుల్ని చూడగానే తల దించింది, తోక కిందకి వాలింది, ఒక ముందుకాలు గాల్లో ఆగిపోయింది. పిలవాల్సింది సరిగ్గా అప్పుడే, పరుగందుకున్నాక దానికి మీ గొంతు వినపడదు. నేను పిలిచాను, చెవి ఒక్కటే ఇటు తిరిగింది, రెండోసారికి తల తిప్పింది, వెంటనే ఉడికించిన కోడిముక్క పెట్టాను. ఇంట్లో నేర్పి, తర్వాత దూరంగా ఉన్న బాతులతో మొదలెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెం దగ్గరికి వెళ్ళాలి.

ఈలోగా పిల్లల్ని కుక్క వెంటపడితే పరిగెత్తకుండా కొబ్బరిచెట్టులా కదలకుండా నించోమనండి, స్కూలు సైకిళ్ళు వెళ్ళే టైముకి గేటు వేసి ఉంచండి.