చేతికర్రతో స్వర్గానికి

చైనాలో హునాన్ రాష్ట్ర రాజధాని చాంగ్‌షా శివార్లలో మావాంగ్‌దుయ్ అనే దిబ్బ ఉంది. 1972లో దాన్ని తవ్వితే షిన్ ఝుయ్ అనే ఆవిడ సమాధి బయటపడింది. హాన్ వంశపు కాలంలో చాంగ్‌షా సామంత రాజ్యానికి మంత్రిగా ఉన్న లీ చాంగ్ భార్య ఆవిడ. క్రీ.పూ. 160ల్లో, సుమారు యాభై ఏళ్ల వయసులో పోయింది. రెండు వేల ఏళ్లు దాటినా చర్మం మెత్తగానే ఉంది, కీళ్లు వంగుతున్నాయి, కడుపులో 138 కర్బూజ గింజలు దొరికాయి. ప్రపంచమంతా ఆ శవం గురించే చెప్పుకుంది. పేటిక మీద పరిచిన, బొమ్మలు గీసిన పట్టుబట్ట అంతకన్నా వింతైనది.

ఒకదానిలో ఒకటి అమర్చిన నాలుగు పేటికలు. అన్నింటికన్నా లోపలి దాని మూత మీద ఆ బట్టను బోర్లా పరిచారు. అంటే బొమ్మ చూడాల్సింది లోపలున్న ఆవిడే. పొడవు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ, ఆకారం ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది.

కింది నుంచి పైకి చూడాలి. అట్టడుగున పెనవేసుకున్న రెండు చేపల మీద నిలబడి ఒక దిగంబర మహాకాయుడు నేలను మోస్తుంటాడు. ఆ నేల మీద గంగాళాలు, మద్యపు జాడీలు, ఎదురెదురుగా కూర్చున్న మగవాళ్లు, మధ్యలో గుడ్డ కప్పిన ఆకారం. అది షిన్ ఝుయ్ శవమేనని చాలామంది పండితుల మాట. ఇంకాస్త పైన రెండు డ్రాగన్లు ఒక పచ్చరాతి బిళ్ల రంధ్రంలోంచి దూరి మెలిపడి పైకి లేస్తాయి.

వాటి మధ్య వేదిక మీద ఆవిడే నిలబడి ఉంది. వెనక ముగ్గురు దాసీలు, ఎదురుగా మోకరిల్లిన ఇద్దరు. పక్కకి తిరిగిన ముఖం, కాస్త ముందుకు వంగిన భారీ శరీరం, చేతిలో కర్ర. అందంగా, పడుచుగా గీసి పంపొచ్చు కదా! పోస్టుమార్టంలో ఆవిడ వెన్నులో డిస్క్ దెబ్బతిని ఉన్నట్టు తేలింది. నడుం నొప్పితోనే స్వర్గానికి బయల్దేరదీశాడు చిత్రకారుడు.

ఆపైన ఇద్దరు కాపలాదారులున్న స్వర్గద్వారం. అది దాటితే కాకి కూర్చున్న ఎర్రటి సూర్యుడు ఒక పక్క, నెలవంక మరో పక్క. చందమామలో కుందేలు మనకూ పాత చుట్టమే. ఇక్కడి నెలవంక మీద కుందేలుతో పాటు కప్పా ఉంది, దాని కన్నా కప్పే పెద్దది. నడుమ పాము శరీరమున్న ఒక దేవత.

మనిషికి రెండు ఆత్మలని ఆనాటి చైనీయుల నమ్మకం: పైకెళ్లే ‘హున్’, శరీరాన్ని అంటిపెట్టుకునే ‘పో’. కాబట్టి ఈ బొమ్మ హున్ ప్రయాణమని తేల్చేస్తారు కొందరు. అంత తేలిగ్గా తేలేది కాదు. పేటికల పక్కన ఉత్తరపు అరను గదిలా సర్దారు. గోడలకు పట్టు తెరలు, కింద చాప, ఆవిడ ఆసనం, చెప్పులు, చేతికర్ర, ఎదురుగా ఆడి పాడే కొయ్యబొమ్మలు. స్వర్గానికి వెళ్లిపోయే మనిషికి ఇంట్లో ఇన్ని ఏర్పాట్లెందుకు? ఆత్మ ఎటెళ్తుందో తేల్చుకునే బదులు రెండుచోట్లా వసతి చూశారనే నాకనిపిస్తుంది.

పక్కనే మూడో సమాధిలో ఆవిడ కొడుకు పేటిక మీదా ఇలాంటి బట్టే దొరికింది. చిన్న చిన్న తేడాలున్నా ఆకాశం, పాతాళం ఇంచుమించు అదే అమరిక. మధ్యలో మాత్రం ఆవిడకు బదులు కత్తి కట్టుకున్న మగవాడు.