సద్రాను చదవడానికి వాషింగ్టన్ దాకా: టర్కీలో ఇస్లామిక్ తత్వశాస్త్ర కొలువు వెనక కథ

టర్కీ గూఢచార సంస్థ ఎంఐటీకి 2023 జూన్‌లో అధిపతి అయిన ఇబ్రహీం కలిన్ చదువుకున్నది ఇస్లామిక్ తత్వశాస్త్రం. ఆయన పరిశోధించింది 17వ శతాబ్దపు ఇరానీ తాత్వికుడు ముల్లా సద్రాను. ఇస్తాంబుల్‌లో చరిత్ర డిగ్రీ, మలేసియాలో ఎంఏ, జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2002లో డాక్టరేట్. ఇస్తాంబుల్‌లోని సులేమానియే గ్రంథాలయంలో పదుల వేల రాతప్రతులు ఉన్నాయి. మరి ఇంత చుట్టుదారి ఎందుకు? ఇది ఒక్కరి సంగతి కాదు. దీని మూలాలు 1920లలో ఉన్నాయి.

1924 మార్చి 3 చట్టంతో విద్యంతా ప్రభుత్వం కిందికి వచ్చింది, మదర్సాలు మూతపడ్డాయి. వాటికి బదులు ఇస్తాంబుల్‌లోని నాటి విశ్వవిద్యాలయం దారుల్‌ఫునూన్‌లో ‘ఇలాహియాత్’, అంటే మతశాస్త్ర ఫ్యాకల్టీ పెట్టారు. 1933 విశ్వవిద్యాలయ సంస్కరణలో అదీ పోయింది. అంకారాలో మళ్లీ అలాంటి ఫ్యాకల్టీ తెరిచేసరికి 1949 వచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ 1928 నవంబరులో తగిలింది. అరబ్బీ లిపి స్థానంలో లాటిన్ లిపి వచ్చింది, ఆ వెంటనే బడుల్లో అరబ్బీ, పారసీకం పాఠాలు ఆగిపోయాయి. తాత రాసిన ఉత్తరాన్నే మనవడు చదవలేని పరిస్థితిలో, అరబ్బీలో రాసిన 10వ శతాబ్దపు తాత్వికుడు ఫారాబీని మూలంలో చదివేదెవరు?

ఆ ఖాళీలో విషయాన్ని నిలబెట్టింది సాహిత్య ఫ్యాకల్టీలే. అంకారాలో ముబాహత్ తుర్కెర్ కుయెల్ 1956లో వెలువరించిన గ్రంథం మూడు ‘తహాఫుత్’లను (‘అసంగతి’ అని అర్థం; ఆ మాట పేరులో ఉన్న గ్రంథాలు) పక్కపక్కన పెట్టి చదివింది: తాత్వికులపై మతపండితుడు గజాలీ ఖండన, దానికి 12వ శతాబ్దపు తాత్వికుడు ఇబ్న్ రుష్ద్ జవాబు, 15వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్మెద్ కోరికపై హోజాజాదే రాసిన పుస్తకం. ఈ మూడోదాన్ని లెక్కలోకి తెచ్చినందుకే, ఇస్లామిక్ తత్వశాస్త్రం ఇబ్న్ రుష్ద్‌తో ముగిసిందన్న వాదన అక్కడ త్వరగా బలహీనపడిందని చెప్పవచ్చు. ప్రభుత్వానికి కావలసింది మాత్రం వేరు. 1937లో టర్కిష్ చరిత్ర సంస్థ తెచ్చిన సంపుటం, పాశ్చాత్యులు అవిసెన్నా అనే ఇబ్న్ సీనాను ‘గొప్ప తుర్కు తాత్వికుడు’ అంది. ఆయన పుట్టింది బుఖారా దగ్గర, రాసింది ఎక్కువగా అరబ్బీలో, కొంత పారసీకంలో.

నేటి అధ్యాపక కొలువుల నిచ్చెనకు పునాది 1981లో ఏర్పడిన ఉన్నత విద్యామండలి. ఇలాహియాత్ ఫ్యాకల్టీలలో సాధారణంగా ఒక ఏడాది అరబ్బీ సన్నాహం, తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. ఎంఏ తర్వాత డాక్టరేట్‌కు 8 సెమిస్టర్లు, గరిష్ఠంగా 12. అందులో చేరాలంటే విదేశీ భాషా పరీక్షలో కనీసం 55 మార్కులు కావాలి. ఆపైన డాక్టర్ అధ్యాపకుడు (2018 దాకా ‘సహాయ దోచెంత్’), దోచెంత్ (అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయి), ఆ పదవి వచ్చిన ఐదేళ్లకు ప్రొఫెసర్. దోచెంత్‌కు ప్రచురణల మీద పాయింట్లు కూడబెట్టాలి.

చిక్కంతా ఇక్కడే. ఈ రంగంలో పునాది పని రాతప్రతుల పరిష్కరణ, అక్కడి మాటలో ‘తహ్కీక్’. ప్రతులన్నీ సేకరించి, ఏది పాతదో తేల్చి, ఒకదాన్ని ఆధారంగా తీసుకుని, మిగతావాటి పాఠభేదాలు పంక్తి పంక్తికీ అడుగున నమోదు చేయాలి. లేఖకుడు చుక్కలు వదిలేస్తే బా, తా, సా ఒకేలా కనిపిస్తాయి. రెండు వాక్యాలు ఒకే మాటతో ముగిస్తే కన్ను దూకి మధ్య పంక్తి ఎగిరిపోతుంది. అంచున ఎవరో రాసుకున్న టిప్పణి తర్వాతి ప్రతిలో మూలంలోకి చొరబడుతుంది. ఏళ్లు పట్టే ఈ పనికన్నా వ్యాసాలతో పాయింట్లు త్వరగా పోగవుతాయి. యువ పరిశోధకులు ఎటు మొగ్గుతారో చెప్పాలా?

ఇక సద్రా. ఆయనను ఆంగ్లంలో లోతుగా చదివిన గురువులు అప్పట్లో అమెరికాలో ఉన్నారు: షికాగోలో ఫజ్లుర్ రహ్మాన్, 1984 నుంచి జార్జ్ వాషింగ్టన్‌లో సయ్యద్ హుసేన్ నస్ర్. సద్రానూ 20వ శతాబ్దపు జర్మన్ తాత్వికుడు హైడెగర్‌నూ పోల్చిన అల్పర్‌స్లాన్ అచిక్‌గెంచ్ ఫజ్లుర్ రహ్మాన్ దగ్గర చదివాడు. కలిన్ నస్ర్ దగ్గర. మలేసియా మజిలీకీ కారణముంది: 1983లో మొదలైన అంతర్జాతీయ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం ఆంగ్లంలో బోధించేది, అమెరికాకు అది మంచి మెట్టు.

మన హైదరాబాద్‌లో సద్రా అప్పటికే పరిచితుడు. భారత మదర్సాల దర్సె నిజామీ పాఠ్యక్రమంలో, అబ్హరీ తత్వశాస్త్ర గ్రంథంపై ఆయన రాసిన వ్యాఖ్యానాన్ని ‘సద్రా’ అనే పేరుతోనే చదివేవారు. ఆయన ప్రధాన గ్రంథం ‘అస్ఫార్’లో ఒక భాగాన్ని ఉస్మానియాలో ఆచార్యుడు మనాజిర్ అహ్సన్ గీలానీ ఉర్దూలోకి తెచ్చాడు. అదే ఉస్మానియాకు చెందిన ముహమ్మద్ హమీదుల్లా 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడి, 1950ల నుంచి ఇస్తాంబుల్‌కు వెళ్లి పాఠాలు చెప్పాడు.