విమానం వైర్లు: కోసి చూస్తేగానీ బయటపడని సంగతి

"చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి." విమానాల్లో కరెంటు గొడవ ఎప్పుడు లేచినా వినపడే జవాబు ఇదే. 2025 అక్టోబర్ 4న అమృత్‌సర్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787లో, దిగబోయే ముందు ర్యాట్ దానంతట అదే బయటికొచ్చింది. కరెంటో, హైడ్రాలిక్సో పోయినప్పుడు ఆదుకోవడానికి విమానం పొట్ట కింద పెట్టే చిన్న గాలి టర్బైన్ అది. విమానం క్షేమంగా దిగింది. రీడింగులన్నీ మామూలుగానే ఉన్నాయని సంస్థ చెప్పింది. 787లన్నిటిలో విద్యుత్ వ్యవస్థను తనిఖీ చెయ్యాల్సిందేనని పైలట్ల సమాఖ్య పట్టుబట్టింది. అదే రకం విమానం కూలిన అహ్మదాబాద్ ప్రమాదాన్ని ఇక్కడికి లాగడం లేదు. ఆ ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌ల గురించి చెప్పిందే తప్ప వైరింగ్‌ను తప్పుపట్టలేదు.

మన నెల్లూరు జిల్లా నుంచి కువైట్, దుబాయ్ పోయేవాళ్లు చెన్నై వెళ్లి విమానం ఎక్కుతారు. దగదర్తిలో మనకే విమానాశ్రయం వస్తుందన్న మాట మళ్లీ వినపడుతోంది. కాబట్టి ఇది మనకు పట్టని గొడవ కాదు. అసలు "చూశాం" అంటే ఏం చూసినట్టు?

1996లో న్యూయార్క్ దగ్గర సముద్రం మీద పేలిపోయిన టీడబ్ల్యూఏ 800 సంగతి చాలామందికి తెలుసు. 230 మంది పోయారు. విమానం వయసు 25 ఏళ్లు. ఇంధన ట్యాంకు బయట ఎక్కడో జరిగిన షార్ట్ సర్క్యూట్ వల్ల, ఇంధనం ఎంతుందో కొలిచే వైర్ల గుండా ఎక్కువ వోల్టేజీ లోపలికి వెళ్లి ఉండడానికే ఎక్కువ అవకాశమని 2000లో తేల్చారు. వైర్ల కథ చెప్పేవాళ్లంతా ఇక్కడే ఆగుతారు. అసలు మలుపు మాత్రం ఆ ప్రమాదం కాదు. దాని తర్వాత, ఎవరూ చనిపోని చోట జరిగింది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1999లో పాతబడ్డ విమాన వ్యవస్థల మీద ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సర్వీసు నుంచి అప్పుడే తప్పించిన ఆరు విమానాలను తీసుకుంది. ముందు అనుభవం ఉన్నవాళ్లు వైర్లన్నీ కంటితో చూసి రాసుకున్నారు. తర్వాత మిషన్లు పెట్టారు. ఆఖరున వైర్లను కోసి ల్యాబ్‌కు తీసుకుపోయారు. కన్ను పెద్ద దెబ్బల్ని పట్టుకుంది. ఇన్సులేషన్‌లోని సన్నటి పగుళ్లు, లోలోపలే పెళుసెక్కిపోయిన పూత చాలాచోట్ల దానికి దొరకలేదు. వైరు పాడవడానికి ఏళ్లు ఒక్కటే కారణం కాదని కూడా తేలింది. తేమ, వేడి, అదురు, రిపేరుకు వచ్చినవాళ్లు వైర్ల కట్టల మీద కాలు వెయ్యడం, డ్రిల్లింగ్ చేసినప్పుడు రాలిన లోహపు పొట్టు, ఇవన్నీ కలిసి వైరును తింటాయి. 2000 చివర్లో ఆ నివేదిక వచ్చాక కూడా "కంటితో చూశాం, చాలు" అనడం నాకు మింగుడు పడదు.

ఆ కాలంలోనే ఇంకోటి జరిగింది. 1999 జూలైలో చంద్ర అనే అంతరిక్ష టెలిస్కోపును మోసుకుపోతున్న కొలంబియా స్పేస్ షటిల్ లేచిన ఐదు సెకన్లకే షార్ట్ సర్క్యూట్ అయింది. రెండు ఇంజిన్లలో ఒక్కో కంట్రోలర్ పోయి, వాటికి జోడీగా ఉన్నవి పని నడిపించాయి. విప్పి చూస్తే ఒక వైరు స్క్రూ తలకు ఒరుసుకుని ఒరుసుకుని రాగి బయటపడింది. షటిళ్లన్నిటినీ నేల మీద ఉంచి వైర్లు తడిమి చూడాల్సి వచ్చింది.

ఇది అర్థం కావడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. నిరుడు వానాకాలంలో కావలి దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను. ఏరియేటర్ మోటారు రాత్రంతా ట్రిప్ అవుతూనే ఉంది. వైరు నున్నగా, కొత్తదానిలా ఉంది. "బయట జూస్తే ఏం తెలస్తాదన్నా, మెగ్గర్ పెట్టాల" అన్నాడు ఎలక్ట్రీషియన్. వైరు పూత ఎంత గట్టిగా ఉందో కొలిచే ఆ మిషన్ పెట్టి తిప్పితే ముల్లు లేవనే లేదు. జానెడు ముక్క కోసి పైతొడుగు ఒలిచాడు. లోపల రాగి పోగులు చిలుము పట్టి, వేలితో నలిపితే పచ్చటి పొడిలా రాలాయి. ఉప్పుగాలి ఎక్కడి నుంచి దూరిందో ఎవరికీ తెలియదు.

విమానంలో కష్టం ఇంకా ఎక్కువ. ఒక పెద్ద జెట్‌లో 200 కిలోమీటర్లకు పైగా వైరు ఉంటుంది. చాలావరకు కట్టలుగా కట్టి, గోడల వెనక దాచి ఉంటుంది. ఒకప్పుడు విరివిగా వాడిన కాప్టన్ అనే పాలీఇమైడ్ పూత తేలిక, వేడికి తట్టుకుంటుంది. కానీ తేమ తగిలితే క్రమంగా పెళుసెక్కుతుంది. పగులు దగ్గర నిప్పురవ్వ పుడితే ఆ పూతే బొగ్గుగా మారి కరెంటు పారనిస్తుంది, మంట పక్క వైర్లకు పాకుతుంది. మామూలు సర్క్యూట్ బ్రేకర్ వేడెక్కితేనే పడుతుంది. రవ్వ మిల్లీసెకన్లలో వచ్చిపోతుంది కాబట్టి దానికి తెలియదు.

కట్టల జోలికి పోవద్దనే సంస్థల వాదనలోనూ నిజం లేకపోలేదు. పాత కట్టల్ని కదిపితే బాగున్న వైర్లు కూడా పగులుతాయి. ఎఫ్‌ఏఏ 2007లో తెచ్చిన నిబంధనలు వైరింగ్‌ను మొదటిసారి విడి వ్యవస్థగా గుర్తించి, శుభ్రం చెయ్యడం, దగ్గరగా చూడడం తప్పనిసరి చేశాయి. కానీ అక్కడా ఎక్కువ భారం కంటి మీదే పడింది.

అలాగని మిషన్లు లేవా అంటే ఉన్నాయి. వైరులోకి ఒక పల్స్ పంపి, అది తగిలి వెనక్కి వచ్చే సమయాన్ని బట్టి తెగిన చోటు చెప్పే రిఫ్లెక్టోమీటరు ఎప్పటి నుంచో ఉంది. తెగిన వైరును ఇట్టే పట్టేస్తుంది. పూత మాత్రమే అరిగితే తిరిగొచ్చే సంకేతం దాదాపు ఏమీ ఉండదు, అదే దాని బలహీనత. యూటా విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేసిన స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పద్ధతి కరెంటు పారుతున్న వైరులోనే పని చేస్తుంది. ఎగురుతున్నప్పుడు క్షణం పాటు తగిలి మాయమయ్యే షార్ట్‌ను కూడా పట్టుకోగలదు. నేల మీదికొచ్చి విప్పి చూస్తే దొరకని రకం ఫాల్టులు ఇవే.

"787 కొత్త విమానం కదా, పాత వైర్ల గొడవ దానికెందుకు" అనేవాళ్లు 1998 నాటి స్విస్ఎయిర్ 111ను గుర్తు చేసుకోవాలి. 229 మంది పోయిన ఆ ఎండీ-11 విమానం వయసు ఏడేళ్లు. మంట మొదలైన చోట దొరికిన వైర్లలో, తర్వాత అమర్చిన వినోద వ్యవస్థ వైరు మీద ఆర్కింగ్, అంటే కరెంటు రవ్వ దూకిన గుర్తు కనపడింది. ఇటు 2024 మార్చిలో అద్దంకి దగ్గర హైవే రన్‌వే మీద దిగిన రవాణా విమానం ఏఎన్-32, వాయుసేనలోకి 1984లో వచ్చిన రకం. పాతబడ్డా ఆ రకం ఇంకా ఎగురుతూనే ఉంది.

అందుకే పైలట్ల ప్రశ్నకు విమానం వయసూ జవాబు కాదు, కాక్‌పిట్ రీడింగులూ జవాబు కావు. ఏ కట్ట విప్పారు, ఏ మిషన్ పెట్టారు, ఎన్ని మీటర్లు పరీక్షించారు? "చూశాం" అన్నవాళ్లు ఈ మూడూ కాగితం మీద పెట్టాలి.