పాముకు తోడు కావాలా? మనవలకు ఉత్తరం

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ ఆశీస్సులు.

మీ పెంపుడు పాము కార్న్ స్నేక్‌కు తోడుగా ఇంకొక పామును తెచ్చి అదే పెట్టెలో ఉంచాలని మీరిద్దరూ పట్టుబడుతున్నట్టు మీ అమ్మ చెప్పింది. ఒంటరిగా ఉంటే దానికి దిగులుగా ఉంటుందని మీ వాదనట. దయతో పుట్టిన ఆలోచన కనుక కొట్టిపారేయను. కానీ ఇన్నేళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినదానిగా నా మాట ఇది: రెండో పాము మీ ఇంటికి రావచ్చు, ఆ పెట్టెలోకి మాత్రం రాకూడదు.

ఒంటరితనం మనుషులకు బాధ. కుక్కకూ చిలుకకూ కూడా బాధే, ఎందుకంటే అవి గుంపుగా బతికే జీవులు. కార్న్ స్నేక్ తీరు వేరు. మీరుంటున్న అమెరికాలోనే, ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, పొలాల్లో, పాత కొట్టాల చుట్టూ అది పుట్టి పెరుగుతుంది. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డాక దేని దారి దానిదే. చలికాలంలో ఒక్కోసారి కొన్ని ఒకే బొరియలో చేరినా అది చోటు కోసమే. అవి ఒకదాన్ని ఒకటి వెతుక్కునేది ముఖ్యంగా జతకట్టే కాలంలో.

రెండు పాములు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని పడుకున్న ఫొటోలు చూసి, ఎంత ప్రేమగా ఉన్నాయో అన్నారట. పాము తన ఒంటికి కావలసిన వేడిని తానే పుట్టించుకోలేదు. మింగిన ఎలుక అరగాలన్నా బయటి వెచ్చదనమే ఆధారం. పెట్టెలో వెచ్చని మూల ఒకటే, దాక్కునే గూడు ఒకటే అయినప్పుడు రెండూ అక్కడికే చేరతాయి. పైనుంచి దీపం వేడి పడుతుంటే పైన పడుకున్నదానికే అది బాగా అందుతుంది. మీకు కౌగిలింతలా కనిపిస్తున్నది చాలాసార్లు చోటు కోసం పోటీ. కుక్కయితే గుర్రుమంటుంది, పిల్లి అయితే రక్కుతుంది. పాము ఏమీ అనదు. దాని కష్టం బయటపడేది తిండి మానేసినప్పుడో, తిన్నది కక్కినప్పుడో, బరువు తగ్గినప్పుడో.

మన ఊళ్లో రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ రాళ్లు చూశారు కదా, పెనవేసుకున్న రెండు పాములతో. పొలాల్లో జెర్రిపోతులు అలాగే సగం పైకి లేచి మెలితిరుగుతుంటే జనం గుమిగూడి ఫోనుల్లో తీసుకుంటారు, పాముల సయ్యాట అంటారు. చాలాసార్లు అవి ఆడా మగా కావు, రెండు మగ పాములు. ఒకదాని తలను ఒకటి నేలకు అదమాలని చూస్తాయి. ఓడినది పక్క చేనులోకి వెళ్లిపోతుంది. మగవాటి మధ్య ఇలాంటి కుస్తీ చాలా జాతుల్లో ఉంది. నాలుగడుగుల పెట్టెలో ఓడినది ఎక్కడికి పోతుంది?

ఆడా మగా అయితే చిక్కు మరో రకం. పూర్తిగా ఎదగని ఆడది గుడ్లు మోయవలసి వస్తుంది. గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. అన్నీ సవ్యంగా జరిగినా పది నుంచి ముప్ఫై దాకా గుడ్లు పెట్టగలదు. అన్ని పిల్లలకు ఇళ్లు ఎక్కడ వెతుకుతారు?

తిండి దగ్గరి ప్రమాదం ఇంకా పెద్దది. పాము పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, పట్టినదాన్ని వదలడం దానికి కష్టం. ఒకే ఎలుకను రెండూ చెరో వైపు పట్టుకుంటే, మింగుతూ వచ్చిన పెద్దది చిన్నదాని తలను కూడా మింగేయవచ్చు. చిన్నవాడా, నువ్వు అడిగిన కింగ్ స్నేక్ సంగతి మరీ ఘోరం. ఇతర పాములు దానికి మామూలు ఆహారం, విషమున్న రాటిల్‌స్నేక్‌ను కూడా తినగలదు. మన తూర్పు కనుమల్లోని రాచనాగుకూ ప్రధాన ఆహారం పాములే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది రోగం. పెట్టెలో కక్కిన ఎలుక కనిపిస్తే అది ఏ పాముదో ఎలా చెబుతారు? పలచటి రెట్ట ఎవరిది? ఒకదానికి పట్టిన చర్మపు పురుగులు త్వరలోనే రెండోదానికీ పాకుతాయి. పాముల కడుపును పాడుచేసే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి సోకితే నమ్మకంగా నయంచేసే మందు లేదు. అందుకే కొత్త పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. నీళ్ల గిన్నె, పటకారు దేనివి దానికే. ముందు పాతదాని పని చూసి, తరువాత కొత్తదాన్ని ముట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దుకాణాల్లో పిల్లపాములన్నీ ఒకే తొట్టిలో ఉంటాయని మీరు అనవచ్చు. అది అమ్ముడుపోయే దాకా జరిగే ఏర్పాటు, దాన్ని చూసి నేర్చుకోవలసింది లేదు.

మినహాయింపు లేదని చెబితే అబద్ధమవుతుంది. గార్టర్ స్నేక్‌లు తోటివాటితో కలిసే జాతి. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని నార్సిస్ దగ్గర, చలికాలమంతా నేల లోపల దాగిన వేల గార్టర్ స్నేక్‌లు వసంతంలో ఒక్కసారిగా బయటికి వస్తాయి. గార్టర్ స్నేక్‌లు కొన్ని తోటి పాములనే ఏరికోరి పక్కన చేరతాయని కెనడా పరిశోధకులు 2020లో ప్రచురించారు. ఎంత చక్కని సంగతో! అలాంటి పాములను కలిపి పెంచేవారు కూడా సమానమైన పరిమాణం ఉన్నవాటినే కలుపుతారు, తిండి విడివిడిగా పెడతారు. గార్టర్ గుణం కార్న్ స్నేక్‌కు అంటగట్టకూడదు.

సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక పామును పట్టి పెంచుదామని మాత్రం అడగకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన పాములను ఇళ్లలో ఉంచనివ్వదు, ఆ చట్టం నాకు నచ్చుతుంది.

రెండోది కావాలంటే రెండో పెట్టె కావాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, గట్టిగా బిగిసే మూత. వెచ్చని వైపు సుమారు 30 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 24. రెండు వైపులా దాక్కునే గూడు, వేడి మితిమీరకుండా థర్మోస్టాట్. కార్న్ స్నేక్ ఇరవై ఏళ్లు కూడా బతకగలదు. మీరు కాలేజీకి వెళ్లాక వాటిని చూసేది మీ అమ్మే, కాబట్టి ముందు ఆమెను అడగండి.

ఈలోగా మీ పామును తూచి బరువెంతో, చివరిసారి ఎప్పుడు తిన్నదో, కుబుసం ఎప్పుడు విడిచిందో, అది ఒకే ముక్కగా వచ్చిందో లేదో రాసి పంపండి. అవి చూశాక రెండోదాని సంగతి మాట్లాడుకుందాం.

మీ అమ్మమ్మ