బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు: మా షెడ్డులో రోజూ వినే అపోహలు

గువ్వలచెరువు అంటే అందరికీ పాలకోవా గుర్తొస్తుంది, నాకు మాత్రం కాలిన ప్యాడ్ల వాసన గుర్తొస్తుంది. కడపలో కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నా మరి. వారమంతా ఆఫీసుకు తిప్పి, ఆదివారం అదే కారును గువ్వలచెరువు మీదుగా పోయే రాయచోటి ఘాట్‌లో గట్టిగా తోలే కుర్రాళ్లు వచ్చి అడిగేవే ఇవన్నీ. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేకు తొక్కితే దాన్ని రెండువైపులా నొక్కి పట్టేవి ప్యాడ్లు.

అపోహ: చిల్లుల డిస్కు వేస్తే బండి తొందరగా ఆగుతుంది.

ఆగదు. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు బండి ఎంత దూరంలో ఆగాలో తేల్చేది టైర్ల పట్టు, ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) కొట్టుకునేదాకా చక్రాన్ని బిగించే బలం మామూలు డిస్కుకీ ఉంది. పైగా చిల్లులు పెడితే వేడిని పట్టుకునే ఇనుము తగ్గిపోతుంది, పగుళ్లు కూడా ఆ చిల్లుల అంచునే మొదలవుతాయి. మంచి కంపెనీ సాదా డిస్కు కొనండి, మిగిలిన డబ్బు టైర్లకు పెట్టండి.

అపోహ: రేసింగ్ ప్యాడ్లయితే ఇంకా మేలు.

అవి బాగా కాగితే గానీ పట్టవు. పొద్దున్నే ఏడురోడ్ల కూడలిలో ఆటో అడ్డమొస్తే అప్పటికి మీ ప్యాడ్లు చల్లగానే ఉంటాయి కదా! ఘాట్ ఎక్కువగా తిరిగేవాళ్లకు మంచి సెమీ మెటాలిక్ (లోహం కలిసిన) ప్యాడ్లు వేస్తా, దుమ్ము, కాస్త చప్పుడు భరించాలి. సిటీలో నెమ్మదిగా తిరిగేవాళ్లకు సిరామిక్ ప్యాడ్లు.

అపోహ: స్టీరింగ్ వణికితే డిస్కు వంగినట్టే.

ఒకబ్బాయి ఏడాదిలో రెండుసార్లు కొత్త డిస్కులు వేయించుకున్నాడు, వేరే చోట. వేసిన కొత్తలో బాగుంటుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ వణుకు. నేను విప్పి చూస్తే హబ్ (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) మీద తుప్పు పొర, దాని మీదే డిస్కు బిగించేశారు. తిరిగే డిస్కు పక్కకు ఎంత ఊగుతుందో చూపే డయల్ గేజ్ పెడితే ముల్లు 0.12 మి.మీ. ఊగింది, నేనైతే 0.05 దాటనివ్వను. అలా ఊగే డిస్కు, బ్రేకు తొక్కకపోయినా, తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుని అక్కడ పలచబడుతుంది, వణుకు అందుకే ఆలస్యంగా మొదలవుతుంది. వైర్ బ్రష్‌తో హబ్ రుద్ది, కొత్త డిస్కు వేస్తే 0.03కి వచ్చింది. ఇరవై నిమిషాల పని.

అపోహ: ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కు మార్చాలి.

అక్కర్లేదు. చాలా డిస్కుల మీద కనీస మందం ముద్రించే ఉంటుంది, అంతకంటే పలచబడితేనే మార్చాలి. మైక్రోమీటర్‌తో కొలవమనండి, మామూలు వెర్నియర్ కాలిపర్ అయితే డిస్కు అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద ఆగి ఎక్కువ చూపిస్తుంది.

అపోహ: ఘాట్‌లో పెడల్ లోపలికి పోయిందంటే ప్యాడ్లు అయిపోయినట్టే.

ముందు బ్రేక్ ఆయిల్ చూడండి. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగిందంటే లైన్లో ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చండి, దిగేటప్పుడు గేరు తగ్గించండి.

అపోహ: కొత్త ప్యాడ్లు బిగించగానే రెడీ.

ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కి.మీ. నుంచి 10కి ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో కాస్త చల్లారనిస్తూ వేగం తగ్గించాలి. ఆపైన పది నిమిషాలు బ్రేకు పెద్దగా తొక్కకుండా తోలాలి. అది వదిలేసి వేడి మీదే టీ కొట్టు ముందు ఆపి పెడల్ తొక్కిపట్టి కూర్చుంటే డిస్కు మీద ప్యాడ్ అచ్చు పడుతుంది, వారం తిరక్కుండా వణుకుతోందని మళ్లీ నా దగ్గరికే వస్తారు.