వేపచెట్లు ఎందుకు మాడిపోయాయి?

2021 వానాకాలం చివర్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేపచెట్లు మంట తగిలినట్టు మాడిపోయాయి. లేత కొమ్మల చివర్లు ముందుగా గోధుమ రంగుకు తిరిగి, ఎండు లోపలికి పాకింది. అన్ని తెగుళ్లకూ మందు ఇచ్చే చెట్టుకే ఇలా అవడంతో జనానికి టెన్షన్ పట్టుకుంది.

నిజానికి ఈ తెగులు కొత్తది కాదు. దీనికి కారణమైన శిలీంధ్రం ఫోమోప్సిస్ అజాడిరాక్టేను 1990లలోనే మన దేశంలో గుర్తించారు. వానలు మొదలయ్యాక దీని బీజాలు వాన తుంపర్లతో, గాలితో కొమ్మ నుంచి కొమ్మకు చేరతాయి. విత్తనం ద్వారా కూడా వస్తుంది. దీనికి తోడు టీ దోమ అనే పురుగు (ఇది మామూలు దోమ కాదు) లేత చిగుళ్ల రసం పీలుస్తుంది. అది చేసిన గాయాల దగ్గరా కొమ్మలు ఎండిపోతాయి.

మరి పురుగుల మందుగా పేరున్న వేప తనను తాను ఎందుకు కాపాడుకోలేదు? ఆ పేరు ఎలా వచ్చిందో చూస్తే విషయం తెలుస్తుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనాన్నంతా మేసి వేపను మాత్రం వదిలేయడం జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టెరర్ చూశారు. 1968లో గింజల నుంచి అజాడిరాక్టిన్ అనే రసాయనాన్ని వేరు చేశారు. ఇది ప్రధానంగా పురుగుల మీద పనిచేస్తుంది. వాటికి మేత సహించనివ్వదు, కుబుసం సరిగా విడవనివ్వదు. పైగా ఎక్కువగా ఉండేది గింజలోనే. కొమ్మలోకి దిగిన శిలీంధ్రాన్ని అది ఆపుతుందని ఆశించలేం.

శిలీంధ్రాల మీద వేపనూనె వాడకానికి వేరే చరిత్ర ఉంది. 1994లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకి యూరప్‌లో దానిపై పేటెంట్ ఇచ్చారు. మన రైతులకు ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతి ఇదని పర్యావరణ కార్యకర్త వందనా శివ తదితరులు పోరాడారు. 2000లో పేటెంట్ రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. ఆ గెలుపు చాలా విలువైనది. కానీ నూనె మీద హక్కు కోసం చూపిన పట్టుదల, నూనెనిచ్చే చెట్టు ఆరోగ్యం విషయంలో మనం చూపలేదు.

2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయింది. నత్రజని నేలలో మెల్లగా విడుదల కావడానికి ఈ పూత. దాంతో గింజలకు గిరాకీ పెరిగింది. చెట్టు సంగతి మాత్రం కాకులు, గోరింకలు వేసిన విత్తనంతో దానంతటదే మొలుస్తుంది కదా అని వదిలేశాం.

మాడిన చెట్టును కొట్టేయకండి. వేప ఎలాగూ ఫిబ్రవరి, మార్చిలలో ఆకు రాల్చి చిగురిస్తుంది. తెగులు సోకిన పెద్ద చెట్లు చాలావరకు అప్పుడే కోలుకుంటాయి. చిన్న చెట్లకైతే ఎండిన కొమ్మను, కింద కొంచెం పచ్చి భాగంతో సహా, పొడి రోజున కోసి కాల్చేయాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి. శిలీంధ్రాన్ని చంపే కార్బెండజిమ్ మందు పిచికారీ నర్సరీ మొక్కలకు సరే. ఉగాది పచ్చడికి పువ్వు కోసే చెట్టు మీద మాత్రం వద్దు. కొత్త మొక్కలకు గింజలు తెగులు లేని చెట్ల నుంచే ఏరాలి. వేపగింజ మొలిచే శక్తి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి జూన్, జూలైలో పండు రాలగానే గుజ్జు కడిగి విత్తేయాలి.