చెరకు పిప్పితో ఏరోజెల్: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో మా ప్రయోగశాలకు వచ్చినవారి అరచేతిలో ఏరోజెల్, అంటే లోపల దాదాపు అంతా గాలే ఉండే తెల్లటి ముక్క పెడితే, బరువు తెలియక మరోసారి చూసుకుంటారు. ఆ తర్వాత వచ్చే మాటల్లో కొన్ని సరిదిద్దాల్సినవి ఉంటాయి.

అపోహ: పిప్పిని ఉడికించి, రుబ్బి, ఎండబెడితే సరిపోతుంది.

వాస్తవం: ఎండలో పెడితే మీకు దక్కేది అట్టముక్క. చిత్తూరు వైపు బెల్లం పొయ్యిలో కాలిపోయే పిప్పిలో దాదాపు సగం సెల్యులోజే, అంటే మొక్కల పోగు పదార్థమే. కాస్టిక్ సోడాతో ఉడికించి, పోగులను అతికించి ఉంచే లిగ్నిన్ తీసేసి, బ్లీచ్ చేస్తే సన్నని పోగులు మిగులుతాయి. వాటిని నీటిలో చిలికితే గంజిలా అవుతుంది. అందులో నూటికి ఒకటి రెండు పాళ్లే పోగు, మిగతాదంతా నీరు. ఆ నీరు మామూలుగా ఆవిరైతే, పోతూ పోతూ పోగులను ఒకదానికొకటి లాగి అతికిస్తుంది. వడియం ఎండి ముడుచుకున్నట్టే. అందుకే ముందు గడ్డకట్టించి, శూన్యంలో మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేస్తాం. మంచు పలుకు ఉన్న చోటల్లా ఒక ఖాళీ మిగులుతుంది. నెమ్మదిగా గడ్డకట్టిస్తే పెద్ద గదులు వస్తాయి, వేగంగా అయితే చిన్నవి. అడుగు నుంచి చల్లబరిస్తే నిలువు గొట్టాల వరుసలు ఏర్పడతాయి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

అపోహ: ఎంత తేలికైతే అంత బాగా వేడిని ఆపుతుంది.

వాస్తవం: కొంతవరకే. కదలని గాలి ఉష్ణవాహకత (వేడిని పోనిచ్చే గుణం) సుమారు 0.026 వాట్/మీటర్-కెల్విన్. అంతకంటే దిగువకు వెళ్లాలంటే రంధ్రం 70 నానోమీటర్ల లోపు ఉండాలి. గాలి అణువు మరో అణువును ఢీకొనే లోపు ప్రయాణించే సగటు దూరం దాదాపు అంతే. మంచుతో చేసిన రంధ్రాలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి, అందువల్ల ఇవి సాధారణంగా థర్మోకోల్‌తో పోటీపడే స్థాయిలోనే ఉంటాయి. పైగా ముక్కలో పోగు మరీ తక్కువైతే వేడి కిరణాల రూపంలో దాటిపోతుంది.

అపోహ: సహజమైనది కాబట్టి నిశ్చింతగా గోడకు పెట్టవచ్చు.

వాస్తవం: మంటను అడ్డుకునే రసాయనం పట్టించకపోతే కాగితంలాగే నిప్పంటుకుంటుంది.

అపోహ: ఒకసారి ఆరిందంటే నీటి బెడద తీరినట్టే.

వాస్తవం: ఈశాన్య రుతుపవనాల ముసురులో ఫ్రీజ్ డ్రయర్ (మంచును శూన్యంలో ఆవిరి చేసే యంత్రం) నుంచి తీసిన ముక్కను త్రాసు మీద పెట్టి అంకెలు గమనించండి. కళ్ల ముందే చివరి అంకె పెరుగుతూ పోతుంది. గాలిలోని తేమను తాగుతోందన్నమాట! తేమ చేరితే వేడిని ఆపే గుణం తగ్గుతుంది. నీటిని అంటనివ్వని సిలేన్ అనే రసాయన పూత కొంత కాపాడుతుంది.

అపోహ: ఏరోజెల్‌తో చేసిన కదలిక సెన్సార్‌లో వేలి కదలికను సెల్యులోజే పసిగడుతుంది.

వాస్తవం: సెల్యులోజ్ విద్యుత్తును పోనివ్వదు. ఏరోజెల్ లోపలి గదుల గోడలకు పట్టించిన కార్బన్ నానోట్యూబులు, అంటే విద్యుత్తును పోనిచ్చే అతి సన్నని కార్బన్ గొట్టాలు, ఆ పని చేస్తాయి. నొక్కితే గోడలు ఒకదానికొకటి తాకి విద్యుత్ నిరోధం పడిపోతుంది, వదిలితే పెరుగుతుంది. అయితే చెమట తగిలినా నిరోధం మారుతుంది కాబట్టి, పూత లేని సెన్సార్ చెమటనే కదలిక అనుకుంటుంది. ఏసీ గదిలో వచ్చిన చక్కటి గ్రాఫు నాకు చాలదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కే మోకాలికి కట్టి, కొండపైన కూడా అదే అంకె చూపిస్తేనే దాన్ని సెన్సార్ అంటాను.